జనరల్ మాథ్స్, రెండో బెంచీ

మా ఊరి హైస్కూలు పాత విద్యార్థులంతా కలిసి లెక్కల మాస్టారి పేరు మీద ఒక సంచిక వేశారు. ఆయన తొంభై దాటాక పోయారు. సంవత్సరీకం నాటికి పుస్తకం చేతికి రావాలన్నారు. నాకు నాలుగు పేజీలు ఇచ్చి, దాంతోపాటు శిష్యుల జాబితా తయారుచేసే పనీ అంటగట్టారు. రాసింది ప్రెస్సుకి పంపేముందు ఒకసారి అక్కకి వినిపిద్దామని తెనాలి వెళ్లాను. అక్క నాకంటే మూడేళ్లు పెద్ద, అదే బళ్లో చదివింది. మెచ్చుకుంటుందనే వెళ్లాను, దాచడమెందుకు. ఆవిడ వరండాలో కూచుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తుంటే నేను చదవడం మొదలెట్టాను. తర్వాత నడిచిన మాటల్లో నాకు ఇబ్బందిగా ఉన్నవి కూడా వదలకుండా రాస్తున్నాను.

నేను: విను మరి. "తెలుగువాడికి లెక్కలు కొత్త కాదు. పదకొండో శతాబ్దంలోనే పావులూరి మల్లన, మహావీరాచార్యుడి సంస్కృత గణితాన్ని తెలుగు పద్యాల్లో పెట్టి..."

అక్క: ఆగాగు. పావులూరి మల్లన దగ్గర బండెక్కితే మన మాస్టారి దగ్గర దిగేసరికి ఏ రాత్రవుతుందిరా? అది కొట్టెయ్.

(కొట్టేశాను. నిజానికి ఆ పేరా కోసం రెండు రోజులు లైబ్రరీలో కూచున్నాను.)

నేను: సరే, రెండో పేరా. "మాస్టారు తప్పు లెక్కని అడ్డంగా కొట్టేసేవారు కాదు. మొదటి మెట్టు నుంచి చదువుకుంటూ వచ్చి, ఎక్కడిదాకా సరిగ్గా నడిచిందో అక్కడ ఎర్ర పెన్సిలుతో ఒక గీత గీసేవారు. 'ఇక్కడిదాకా నీది కరెక్టేరా. ఇక్కణ్ణుంచి మళ్లీ నడు' అనేవారు. జవాబు తప్పయినా గీత దాకా మార్కులు పడేవి. నలభై ఏళ్ల ఉద్యోగంలో ఏ మిషను ఆగిపోయినా నేను చేసింది అదే. ఎక్కడిదాకా బాగానే ఉందో ముందు గీత గీసుకునేవాణ్ణి."

అక్క: ఇది బావుంది. ఇది నిజం కూడాను.

నేను: కదా! ఇలాంటివి ఇంకా మూడు పేజీలున్నాయి. చివర్లో శిష్యుల జాబితా. నలభై ఒక్కమంది. పేరు, బ్యాచి, ఉద్యోగం.

అక్క: ఇలా ఇయ్యి ఆ కాగితం.

(కళ్లజోడు పెట్టుకుని కింద దాకా వేలు పెట్టి చూసింది. ఎంతసేపు చూసిందంటే, స్పెల్లింగు తప్పులు వెతుకుతోందనుకున్నాను.)

అక్క: పన్నెండుమంది ఇంజినీర్లు, ఆరుగురు డాక్టర్లు, బ్యాంకు వాళ్లు తొమ్మిదిమంది, టీచర్లు, కాంట్రాక్టర్లు, ఒక రిటైర్డ్ ఆర్డీవో. ఒక్క ఆడపేరు లేదేం?

నేను: తెలిసినంతవరకు రాశాను. ఆడపిల్లల అడ్రసులు ఎక్కడ దొరుకుతాయి? పెళ్లిళ్లయి ఇంటిపేర్లు మారిపోయాయి.

అక్క: నా అడ్రసు తెలీదా నీకు?

నేను: నువ్వు... నువ్వు ఆయన దగ్గర చదవలేదుగా అక్కా. నీది జనరల్ మాథ్స్. ఆయన చెప్పింది కాంపోజిట్.

అక్క: అదే అడుగుతున్నా. ఎందుకు చదవలేదు?

(ఈ కాలం పిల్లలకి ఒక ముక్క చెప్పాలి. అప్పట్లో ఎస్సెస్సీలో లెక్కలు రెండు రకాలు. బీజగణితం, రేఖాగణితం లోతుగా ఉండేది కాంపోజిట్. ముందుముందు ఎంపీసీ తీసుకుని ఇంజినీరింగు వైపు వెళ్లాలనుకునేవాళ్లకి అదే దారి. వడ్డీలు, లాభనష్టాలతో సరిపెట్టేది జనరల్. పధ్నాలుగేళ్లకి ఒక కాగితం మీద టిక్కు పెడితే తలరాత తేలిపోయేది.)

నేను: నాన్న వద్దన్నాడనుకున్నాను.

అక్క: నాన్న వద్దనలేదు. నా గోల పడలేక స్కూలుకెళ్లి మాస్టార్ని అడిగాడు. "పిల్ల చురుకైందేనండీ. కానీ ఆడపిల్లకి కాంపోజిట్ దేనికి? జనరలైతే హాయిగా పాసై బయటపడుతుంది" అన్నారాయన. నేను నాన్న వెనకాలే నిలబడ్డాను. విసుక్కుంటూ అనలేదు. ఎంతో ఆప్యాయంగా అన్నారు, నా నెత్తిమీద చెయ్యి కూడా వేశారు. విసుక్కుని ఉంటే పోట్లాడేదాన్నేమో.

నేను: అప్పటి కాలం అలాంటిది అక్కా.

అక్క: కాలం ఎవర్రా? కాలమొచ్చి నాన్నతో మాట్లాడిందా? ఊళ్లో ఆయన మాటంటే వేదం. ఆయన "చేర్పించండి" అని ఒక్కమాటంటే నాన్న కిక్కురుమనేవాడు కాదు. ఎంత గొప్ప మాస్టారో నువ్వు నాలుగు పేజీలు రాశావు. అంత గొప్పవాడు కాబట్టే ఆ ఒక్కమాట అంత బరువైంది. నీ మీద ఆయన ప్రభావం ఉందంటున్నావు. నా మీద లేదా? నీకంటే ఎక్కువే ఉంది.

(దీనికి నా దగ్గర జవాబు లేదు. లేనప్పుడు మగవాళ్లం ఏం చేస్తాం, అమెరికా వెళ్తాం.)

నేను: నువ్వు ఒక్కమాట పట్టుకుని మొత్తం మనిషిని తూస్తున్నావు. మూడో పేజీలో జేమీ ఎస్కలాంటే గురించి రాశాను, విను. బొలీవియా నుంచి వలస వెళ్లినవాడు. లాస్ ఏంజిలిస్ తూర్పున గార్‌ఫీల్డ్ హైస్కూలు. ఎక్కువమంది మెక్సికన్ కూలీల పిల్లలు. వీళ్లకి కూడికలే ఎక్కువ అనుకున్న చోట ఆయన కాలిక్యులస్ చెప్పాడు. 1982లో పద్దెనిమిదిమంది అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్ష పాసయ్యారు. పరీక్ష పెట్టినవాళ్లు నమ్మలేదు. పధ్నాలుగుమంది మీద అనుమానపడి మళ్లీ రాయమన్నారు. పన్నెండుమంది రాశారు, పన్నెండుమందీ పాసయ్యారు. 1988లో దానిమీద సినిమా వచ్చింది.

అక్క: స్టాండ్ అండ్ డెలివర్. చూశాను. మనవరాలు ఫోన్లో పెట్టింది.

నేను: చూశావా! మరి?

అక్క: అందులో ఒక పిల్ల ఉంటుంది. బాగా చదువుతుంది. వాళ్ల నాన్నకి హోటలుంది, అందులో పనికి రమ్మని చదువు మానిపిస్తాడు. మాస్టారేం చేస్తాడు? ఆ హోటలుకే వెళ్లి వాళ్ల నాన్నతో మాటా మాటా అనుకుంటాడు. పిల్ల మళ్లీ క్లాసుకొస్తుంది. అక్కడ ఆపేశాను సినిమా.

నేను: ఎందుకు? తర్వాతే అసలు కథ.

అక్క: నాకు అక్కడికి అయిపోయింది.

(కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. చిక్కుడుకాయల బుట్ట సగానికి వచ్చింది.)

నేను: అది సినిమా. సినిమాలో అంతా ఒకటి రెండేళ్లలో అయిపోయినట్టు చూపిస్తారు. నిజంగా ఆయన ఆ బళ్లో చేరింది 1974లో. అంటే ఎనిమిదేళ్ల చాకిరీ. కింది తరగతుల నుంచి పిల్లల్ని తయారుచేసుకుంటూ వచ్చాడు. 1991లో తోటివాళ్లతో పడక వెళ్లిపోయాడు. తర్వాత ఆ బళ్లో ఆ ఊపు తగ్గిపోయింది. మన మాస్టారు కూడా అంతే, రిటైరయ్యాక మన స్కూలు లెక్కలు మళ్లీ మామూలే. మాస్టారి ప్రభావం బడిలో మిగల్దు, మనుషుల్లో మిగులుతుంది. నేను చెప్పేది అదే.

అక్క: ఏ మనుషుల్లో అనేది నేను అడిగేది. నీ నలభై ఒక్కమందిలోనేనా?

నేను: దానికీ లెక్కలున్నాయి. రాజ్ చెట్టి అని అమెరికాలో ఆర్థికవేత్త, ఇంకో ఇద్దరితో కలిసి పెద్ద పరిశోధన చేశాడు. 2014లో అచ్చయింది. పాతిక లక్షల మంది పిల్లల రికార్డులు తిరగేశారు. మంచి టీచరు చేతిలో పడ్డవాళ్లు పెద్దయ్యాక ఎక్కువ సంపాదిస్తున్నారు, కాలేజీకి వెళ్లేదీ ఎక్కువే. ఒక్క ఏడాది చదువు ప్రభావం అన్నేళ్ల తర్వాత కూడా కనిపిస్తోందిట.

అక్క: ఎంత సంపాదిస్తున్నారో ఎలా తెలిసింది?

నేను: ఆదాయపన్ను కాగితాల్లోంచి.

అక్క: నేను ఒక్క రూపాయి పన్ను కట్టలేదు. ఇరవైమంది చిట్టీ పాతికేళ్లు నడిపాను, పైసా తేడా రాలేదు. ఈ వరండాలోనే పదో తరగతి పిల్లలకి ట్యూషన్ చెప్పాను, తలకి నెలకి యాభై రూపాయలతో మొదలుపెట్టి. మీ చెట్టిగారి కాగితాల్లో నేను ఏ వరసలో ఉంటాను?

(ఇక్కడ నేను నిజాయితీగా ఒక పని చేశాను. నా వ్యాసంలో కావాలనే వదిలేసిన సంగతొకటి చెప్పాను. చెప్పకపోయినా ఆవిడకి తెలిసేది కాదు.)

నేను: నీ వైపు మాట్లాడేది కూడా ఒకటుంది. అమెరికా వైమానిక దళం వాళ్లకి అకాడమీ ఉంది. అక్కడ ఏ విద్యార్థి ఏ సెక్షన్లో పడతాడో లాటరీలాగా తేలుస్తారు, పరీక్ష పేపరు అందరికీ ఒకటే. అందుకని పంతుళ్లని పోల్చడానికి అంత బావుండే చోటు ఇంకోటి లేదు. పదివేల మందికి పైగా విద్యార్థుల మార్కులు చూసి ఇద్దరు పరిశోధకులు 2010లో రాశారు. కాలిక్యులస్ మొదటి కోర్సులో ఏ పంతులు పిల్లలకి మార్కులు బాగా వచ్చాయో, ఎవర్ని పిల్లలు ఆహా ఓహో అన్నారో, ఆ పిల్లలే తర్వాతి కోర్సుల్లో వెనకబడ్డారట. ఎక్కువ అనుభవమున్న పంతుళ్ల దగ్గర మొదట్లో మార్కులు తక్కువొచ్చినా, తర్వాత వాళ్ల పిల్లలే నిలబడ్డారు.

అక్క: అంటే పిల్లలకి నచ్చడం వేరు, నిలవడం వేరు.

నేను: అక్కడ అలా తేలింది. మన మాస్టారు రెండూను, అది వేరే సంగతి. ఇంకోటి కూడా వాళ్లే, మరొకరితో కలిసి, రాశారు. లెక్కలూ సైన్సూ మొదటి కోర్సులు ఆడ పంతుళ్లు చెప్పిన చోట, లెక్కల్లో గట్టివాళ్లయిన ఆడపిల్లలకీ మగపిల్లలకీ మధ్య మార్కుల తేడా దాదాపు లేకుండా పోయింది. మగపిల్లల మీద మాత్రం పెద్ద ప్రభావమేం లేదు.

అక్క: ఇంత తెలిసి నీ నాలుగు పేజీల్లో ఇది పెట్టలేదేం?

నేను: సంస్మరణ సంచిక అక్కా. సంస్మరణలో ఎవరు రాస్తారు ఇవన్నీ?

అక్క: సర్లే. మిగతాది చదువు.

నేను: "తొమ్మిదో తరగతిలో ఒక రైడరు, అంటే రేఖాగణితంలో రుజువు చెయ్యాల్సిన లెక్క, నా జీవితాన్ని మలుపు తిప్పింది. ఏబీసీ త్రిభుజంలో ఏడీ మధ్యగత రేఖ. ఏబీ, ఏసీల మొత్తం, ఏడీకి రెట్టింపు కంటే ఎక్కువని చూపించాలి. మర్నాడు బోర్డు దగ్గర..."

(ఇక్కడ ఆగిపోయాను. ఇంట్లో ఎన్నిసార్లు చదువుకున్నానో ఈ పేరా. గొంతు పట్టలేదు ఎప్పుడూ.)

అక్క: చదవవేం?

నేను: నీకు గుర్తుందా?

అక్క: దేనికి గుర్తుండదు? గంటసేపు పుస్తకం ముందేసుకుని కూచున్నావు. దత్తాంశం రాశావు, సారాంశం రాశావు, నిర్మాణం దగ్గర కాళ్లు పడిపోయాయి. నేను అప్పటికి ఎస్సెస్సీ అయిపోయి ఇంట్లో ఉన్నా. పెళ్లిచూపులకి ఎదురుచూడ్డం నా ఉద్యోగం. నీ చేతిలో పెన్సిలు లాక్కుని ఏడీని కిందికి అంతే పొడుగు లాగాను.

నేను: ఈ అని పేరు పెట్టి, బీఈ కలిపావు.

అక్క: అంతేగా మరి. ఏడీసీ, ఈడీబీ రెండు త్రిభుజాలూ అచ్చు ఒకటే. ఏసీ వచ్చి బీఈ దగ్గర కూచుంది. ఇక మిగిలింది ఏబీఈ త్రిభుజం. అందులో రెండు భుజాలు కలిపితే మూడోదానికంటే ఎక్కువని చంటిపిల్లాడికైనా తెలుసు. ఆ మూడో భుజమే ఏడీకి రెట్టింపు.

నేను: మర్నాడు బోర్డు మీద అదే గీశాను. మాస్టారు సుద్దముక్క కింద పెట్టేసి, "ఈ గీత ఎవరికీ తట్టలేదు. నువ్వు ఇంజినీరువిరా" అన్నారు. క్లాసంతా చప్పట్లు. ఆ మాటే నన్ను కాకినాడ ఇంజినీరింగు కాలేజీ దాకా లాక్కెళ్లింది. ఎవరు గీశారో నేను చెప్పలేదు. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

అక్క: చెప్పలేదని నాకు తెలుసు. ఆ సాయంత్రం నువ్వు ఇంటికొచ్చి నాకు జీళ్లు కొనిచ్చావు. అంతకుముందు ఎప్పుడూ కొనిచ్చింది లేదు.

(ఆవిడ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.)

నేను: అయితే ఒకటి అడగనా? ఏడీని పొడిగించాలని నీకెలా తట్టింది? జనరల్ మాథ్స్‌లో రైడర్లే ఉండవు.

అక్క: నీ నోటుబుక్కులు చదివేదాన్ని, నువ్వు ఆటలకి పోయాక. ఎర్ర గీతలతో సహా. ఏ లెక్క ఎక్కడిదాకా సరిపోయిందో, ఏ మలుపు దగ్గర తప్పిందో అందులో వరసగా ఉండేది. తప్పులన్నీ నీవి, నేర్చుకున్నది నేను.

నేను: మరింకేం! అందుకే నువ్వు కూడా ఆయన శిష్యురాలివే. రామానుజన్ సంగతి తీసుకో. పదిహేను పదహారేళ్లప్పుడు ఆయన చేతికొచ్చింది కార్ అనే ఇంగ్లీషాయన పుస్తకం. కార్ పెద్ద గణితవేత్తేం కాదు, లండన్‌లో పిల్లల్ని పరీక్షలకి తయారుచేసే ట్యూషన్ మాస్టారు. పాఠాలకి రాసుకున్న సూత్రాలన్నీ పోగేసి పుస్తకం వేశాడు. వేల సూత్రాలు, చాలావాటికి రుజువు పొడిపొడిగా ఉంటుంది. కుంభకోణంలో ఒక కుర్రాడు తన పుస్తకం చదివి ఏమైపోయాడో కార్‌కి తెలీనే తెలీదు. గురువుకి తెలియకుండా కూడా...

అక్క: ఇప్పుడు ఏకలవ్యుడి దగ్గరికి వెళ్తావు, నాకు తెలుసు. వెళ్లకు. ఆ కథలో బొటనవేలు అడిగిందెవరో కూడా చెప్పాల్సొస్తుంది.

(నిజంగానే నాలుగో పేజీ ఏకలవ్యుడితో మొదలవుతుంది. కాగితం మడిచేశాను.)

అక్క: కార్ ఎవర్నీ గుమ్మంలోంచి వెనక్కి పంపలేదు. రామానుజన్ వచ్చి అడిగితే "నీకెందుకయ్యా" అనలేదు. మాస్టారన్నారు. ఒక మనిషి గురించి రెండూ నిజమే. ఆ ఎర్ర గీత నేను పాతికేళ్లు వాడాను. ఇక్కడ ట్యూషన్‌కొచ్చే పిల్లల్ని అడుగు, నోటుబుక్కు తీసి చూపిస్తారు. ఎక్కడిదాకా కరెక్టో అక్కడ గీత. గీత ఆయనదే, ఒప్పుకుంటా. ఆ రోజు అన్నమాట కూడా ఆయనదే. నువ్వు గీత ఒక్కటే రాశావు.

నేను: అయితే ఏం చెయ్యమంటావు? సంవత్సరీకానికి వేసే పుస్తకంలో ఆయన కొడుకూ కోడలూ చదువుతుండగా ఆ మాట రాయమంటావా?

అక్క: నేను చెయ్యమన్నదేం లేదు. నువ్వు చదివావు, నేను విన్నాను. మాస్టారంటే నాకు కోపం లేదురా. ఊళ్లో ఎదురుపడితే చీర కొంగు సర్దుకుని పక్కకి తప్పుకునేదాన్ని, పోయినప్పుడు కళ్లనీళ్లూ వచ్చాయి. కాకపోతే ప్రేమ ఉంది కదాని లెక్క తప్పు రాయకూడదు కదా. ఆయనే ఒప్పుకోరు.

నేను: ఇప్పటివాళ్లకి ఈ బాధ లేదులే. మన చుక్కా రామయ్యగారు హైదరాబాదు నల్లకుంటలో ఐఐటీ కోచింగు పెట్టిన దగ్గర్నుంచి చూడు. సర్కారు బళ్లలో లెక్కలు చెప్పుకున్న మనిషిని జనం ఐఐటీ రామయ్య అనేశారు. అప్పట్లో ఆయన దగ్గర సీటుకి ప్రవేశ పరీక్ష, ఆ పరీక్షకి మళ్లీ వేరే కోచింగు ఉండేవి. ఇవాళ తెలుగు పిల్లలు లేని ఐఐటీ లేదు. ఎవడు కాంపోజిట్, ఎవడు జనరల్ అనే గొడవే లేదు.

అక్క: పిల్లలంటే? ఆడపిల్లలెంతమంది?

నేను: (కొంచెం నసిగాను) 2018లో ఐఐటీల్లో ఆడపిల్లల కోసం అదనంగా సీట్లు పెట్టాల్సొచ్చింది. కనీసం వందకి పధ్నాలుగుమంది ఉండాలని మొదలెట్టి, 2020కి ఇరవై దాకా తెచ్చారు.

అక్క: అంటే నా ఎస్సెస్సీ అయిన నలభై ఏడేళ్లకి, పెంచగా పెంచగా, అయిదుగురిలో ఒకళ్లు. ఏ గుమ్మంలో ఏ మాస్టారు ఏ నాన్నతో ఏమన్నారో మరి.

నేను: తప్పంతా మాస్టార్ల మీదే తోసేస్తావేంటి? నాన్నలున్నారు, అమ్మలున్నారు, హాస్టలు భయాలున్నాయి.

అక్క: ఉన్నారు. నీలాంటి తమ్ముళ్లూ ఉన్నారు. కానీ మిగతావాళ్ల మీద ఎవరూ సంచికలు వెయ్యరు కదరా.

(చిక్కుడుకాయలు అయిపోయాయి. లోపలికెళ్లి టీ పెట్టుకొచ్చింది. నేను జాబితా కాగితం తిప్పి, నలభై ఒకటి కింద నలభై రెండు అని వేశాను.)

నేను: నీ పేరు వేస్తున్నా.

అక్క: వెయ్యకు. నేను ఆయన శిష్యురాల్ని కాదని నువ్వే అన్నావు ఇందాక.

నేను: అన్నాను. ఇక్కడిదాకా నాది తప్పే, ఇక్కణ్ణుంచి మళ్లీ నడుస్తాను. రైడరు పేరా కూడా మార్చి రాస్తాను. ఆ నిర్మాణం మా అక్కదని.

అక్క: అది నీ ఇష్టం. పేరు సంగతి... (గ్లాసు కింద పెట్టింది.) సరే, వెయ్యి. పెళ్లికి ముందు ఇంటిపేరుతో వెయ్యి. హాజరుపట్టీలో ఉన్నది అదే.

నేను: ఉద్యోగం అన్న గడి ఉంది. ఏం రాయను? ట్యూషన్ టీచరనా?

అక్క: వద్దు. జనరల్ మాథ్స్, రెండో బెంచీ అని రాయి.

సంచిక పోయిన నెల వచ్చింది. నా వ్యాసం నాలుగు పేజీలు మూడయ్యాయి. రైడరు పేరాలో అక్క ఉంది, గుమ్మంలో అన్నమాట లేదు. ఆ వాక్యం మూడుసార్లు రాసి మూడుసార్లూ కొట్టేశాను. అందుకే ఇక్కడ రాశాను. చివరి పేజీలో నలభై రెండో పేరు ఎదురుగా, ఇంజినీరు, డాక్టరు అని ఉండే గడిలో, ఆవిడ చెప్పింది చెప్పినట్టే అచ్చయింది.